ఎర్రనీరు తాగిన సెడాన్

పాత కారు కొనేటప్పుడు ఏమేమి చూసుకోవాలని మా కళాశాలలో ఇద్దరు సహోద్యోగులు ఈ నెలలోనే నన్ను అడిగారు. నేను కార్ల నిపుణుణ్ణి కాను. ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి. అయినా 2023 ఫిబ్రవరిలో కొన్న ఒక పాత డీజిల్ సెడాన్ (వెనుక విడిగా డిక్కీ ఉండే కారు) పుణ్యమా అని రాజోలు, అమలాపురం, పాలకొల్లు షెడ్లలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న శనివారాలను లెక్కవేస్తే, ఈ సంగతి మీద నాలుగు మాటలు రాసే అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను. కారు ఏ కంపెనీదో రాయడం లేదు. నేను పడిన అవస్థలో ఆ కంపెనీ వాటా తక్కువ. మా ఇంటికి రాకముందు ఆ కారు ఎక్కడ ఉన్నదన్న దాని వాటా చాలా ఎక్కువ.

ఎత్తు కార్లు ఏలుతున్న ఈ రోజుల్లో సెడాన్ ఎందుకు కొన్నావని అడిగినవారున్నారు. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఎత్తు బండి ఎక్కాలంటే ఆవిడకు పక్కన ఒక మనిషి కావాలి. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, ఒక అరటి గెల, పండగకు అత్తవారింటి నుంచి వచ్చే సారె సామాను పట్టాలి. నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న ఇంజిన్ కార్లకు పన్ను తక్కువ కావడం వల్ల చాలా సెడాన్లకు వెనుకభాగం కొడవలితో కోసినట్టు పొట్టిగా ఉంటుంది. నాకు డిక్కీ నిండుగా ఉన్నది కావాలి. అలాంటిది కొత్తది కొనే స్తోమత లేదు. పాతవాటికి మాత్రం ఎత్తు కార్ల మోజు వల్ల గిరాకీ తగ్గి, ధర అందుబాటులోకి వచ్చింది. పాలకొల్లులో ఒక దళారి 2014 మోడల్ చూపించాడు. ఏపీ 37 నంబరు, అంటే పాత పశ్చిమ గోదావరి రిజిస్ట్రేషన్, మీటరు మీద 62,000 కిలోమీటర్లు, ధర రూ. 3,90,000. "డాక్టరుగారి బండండి. ఆదివారం గుడికి తప్ప బయటికి తియ్యలేదండి" అన్నాడు. జిల్లాలో అమ్మకానికి వచ్చిన ప్రతి పాత కారూ డాక్టరుగారిదే కావడం, ఆ డాక్టర్లందరూ ఆదివారాలు గుడికి మాత్రమే వెళ్ళడం అప్పటికి నాకు వింతగా తోచలేదు.

దిద్దడం వృత్తి గనుక కాగితాలను మాత్రం శ్రద్ధగా దిద్దాను. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరును, ఛాసిస్ నంబరును బండి మీద ఉన్నవాటితో సరిచూశాను. బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35, పేరు మార్పిడికి 29, 30 ఫారాలు, వాటి మీద సంతకాలు అన్నీ చూశాను. చలాన్ల బకాయిలు లేవని తేల్చుకున్నాను. కారును చూడడానికి మాత్రం పావుగంట చాలనుకున్నాను. రంగు మెరుస్తోంది, ఏసీ చల్లగా ఉంది, తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. అడ్వాన్సు చేతిలో పెట్టేశాను.

ఇంటికి తెస్తూ చించినాడ వంతెన ఎక్కేసరికి మా ఆవిడ రెండుసార్లు గాలి పీల్చి, "ఏవండీ, కారులో గోదారి వాసన వస్తోందేమిటి?" అంది. "గోదారి మీదే ఉన్నాం కదా" అన్నాను. వంతెన దిగి దిండి దాటాక కూడా ఆవిడ అదే మాట అంది. ఆవిడ పుట్టిల్లు గోదారి మధ్య దీవిలా ఉండే ఒక లంకలో. ఆ మాట విలువ నాకు తెలియడానికి పద్దెనిమిది నెలలు పట్టింది.

మొదటి ఫిర్యాదు చప్పుడు గురించి. కాలువగట్టు రోడ్ల మీద కారు నడిపేవారికి ఆ రోడ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. తారు బాగానే ఉంటుంది కాని ప్రతి తూము దగ్గరా ఒక మిట్ట, ప్రతి ఊరి మొదట్లో ఊరివారే సిమెంటు కలిపి పోసుకున్న ఒక స్పీడ్ బ్రేకరు ఉంటాయి. ముప్పై కిలోమీటర్ల వేగంలో చిన్న గతుకు తగిలితే చాలు, ముందు ఎడమ చక్రం దగ్గర వదులైన తలుపు గొళ్ళెం ఆడినట్టు కటకటమనేది. వేగం పెంచితే ఆ చప్పుడు వినపడదు. ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చున్నప్పుడు మాత్రం మరీ స్పష్టంగా వినపడుతుంది. ఒక పెద్ద సర్వీస్ సెంటరులో చూపిస్తే స్టీరింగ్ ర్యాకు (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే భాగం) మొత్తం మార్చాలని 34,000 రూపాయలకు అంచనా రాసి చేతికిచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని మలికిపురం వైపు చిన్న షెడ్డుకు వెళ్ళాను. అక్కడి మెకానిక్ కారును పైకి లేపనైనా లేపలేదు. స్టీరింగ్ పూర్తిగా పక్కకు తిప్పించి, చక్రం వెనుక చెయ్యి దూర్చి, చిటికెన వేలంత లావున్న కడ్డీని పట్టుకుని ఆడించాడు. కటకటమంది. "ఇదేనండి మాష్టారూ, లింకు రాడ్డు. దీనికి ర్యాకెందుకండి?" అన్నాడు. జత 1,400, కూలి 400.

మలుపులో కారు ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచే అడ్డకడ్డీని షాక్ అబ్జార్బరుకు కలిపేదే ఈ లింకు రాడ్డు. దాని రెండు చివర్లా గుండ్రని కీళ్ళు ఉంటాయి. వాటి మీది రబ్బరు తొడుగు చిరిగి, దుమ్ము, తడి లోపలికి చేరితే కీలు అరిగి వదులవుతుంది. చెరువుల మట్టి రోడ్ల మీద తిరిగే కార్లకు ఇది మామూలు అరుగుదల. ఈ తరహా సెడాన్లున్నవారు నలుగురు ఒకచోట చేరితే మొదట వచ్చే గోడు ఇదే: ముందు భాగంలో చప్పుడు, దానికి తప్పుడు రోగనిర్ణయం, ఆ పైన పెద్ద బిల్లు. లింకు రాడ్ల తరువాత వరుసలో ఉండేవి లోయర్ ఆర్మ్ బుష్‌లు, అంటే చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చేతికి వేసే రబ్బరు దిమ్మలు. అవి పోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు లోపలి అంచు గుండు గీసినట్టు అరిగిపోతుంది. ఏ షెడ్డుకు వెళ్ళినా చిన్న కడ్డీతో మొదలుపెట్టి పెద్దదాని దాకా రమ్మనండి. పెద్దదానితో మొదలుపెట్టేవారి దగ్గర కారు వదలకండి.

క్లచ్ సంగతి 2024 కనుమ నాడు బయటపడింది. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళి వస్తూ, మనుషుల మధ్య, ట్రాక్టర్ల మధ్య అడుగడుగునా ఆగుతూ గంటన్నర సేపు హాఫ్ క్లచ్ మీద నడిపాను. చిన్న డీజిల్ ఇంజిన్‌కు నిమిషానికి 1,800 చుట్ల లోపు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే భాగం) సరిగ్గా అందుకోదు కాబట్టి, రద్దీలో నడిపేవాడు తెలియకుండానే క్లచ్‌ను సగం నొక్కి యాక్సిలరేటరు ఎక్కువ తొక్కుతాడు. చివరికి ఏటిగట్టు ఎక్కే వాలు దగ్గర ఇంజిన్ వేగం చూపే ముల్లు పైకి పోతోంది గాని బండి కదలలేదు. కాలిన కొబ్బరిపీచు వంటి వాసన వచ్చింది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపి 16,500 అయింది. క్లచ్ అరిగే వస్తువే కాబట్టి ఇందులో నాకు ఎవరి మీదా కోపం లేదు. కాని గేర్‌బాక్స్ దించిన మెకానిక్, లోపల ఉన్నది కంపెనీ వేసిన ప్లేటు కాదని, అప్పటికే ఒకసారి మార్చినదని చూపించాడు. అప్పటికి మీటరు మీద 71,000. అంత లోపల రెండో క్లచ్ కూడా అరిగిందంటే అంతకుముందు నడిపినవాడు మరీ మొరటువాడైనా అయి ఉండాలి, మీటరైనా అబద్ధమాడి ఉండాలి. బ్రేకు పెడలు మీది రబ్బరు గీతలు పూర్తిగా నున్నబడి ఉన్నాయని ఆ రోజే మొదటిసారి గమనించాను. కొనేముందే చేయగల ఒక పరీక్ష ఉంది: చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి క్లచ్‌ను మెల్లగా వదలాలి. ఇంజిన్ వెంటనే ఆగిపోతే ప్లేటుకు ఇంకా ఆయువున్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ధరలో ఆ పదహారు వేలు తగ్గించమని అడగవచ్చు.

ఇక తడి. 2023 వానాకాలంలో ముందు ఎడమవైపు, అంటే మా ఆవిడ కాళ్ళు పెట్టుకునే చోట, కార్పెట్ చెమ్మగా ఉండడం మొదలైంది. ఏసీ నడిచేటప్పుడు కూలింగ్ కాయిల్ మీద చేరే నీటిని బయటికి వదిలే సన్నని గొట్టంలో చెత్త అడ్డుపడితే ఆ నీరు బండిలోకే కారుతుందని తెలిసి దాన్ని శుభ్రం చేయించాను. నెల రోజులు బాగుంది. మళ్ళీ ఒక పెద్ద వానకు తడిసింది. ఈసారి ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే గాడిని తెరిచి చూస్తే వాననీరు దిగే రంధ్రాలు రాలిన కొబ్బరి పూతతో మూసుకుపోయి ఉన్నాయి. మా పెరట్లో కారు పెట్టడానికి ఉన్న ఒకే నీడ కొబ్బరి చెట్లది. (ఆ చెట్టే ఒకనాడు పైకప్పు మీద ఒక ముదురు కాయను కూడా రాల్చింది. టింకరింగ్ చేసినాయన మూడు వేలు తీసుకుని, కాయ కూడా ఆయనే ఉంచుకున్నాడు.) రంధ్రాలు శుభ్రం చేశాక చెమ్మ పోయింది, వాసన పోలేదు. కార్పెట్ ఎండబెట్టాం, కర్పూరం పెట్టాం, ఒక సుగంధం డబ్బా తగిలించాం. మా ఆవిడ మాత్రం, "వరద తీశాక మా అమ్మావాళ్ళింట్లో పెట్టెలు తెరిస్తే ఇలాగే వస్తుందండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. నేను దానిని పుట్టింటి బెంగగా తీసుకున్నాను.

ఆ తరువాత కరెంటు కష్టాలు మొదలయ్యాయి. వెనుక కుడి అద్దం ఒక రోజు దిగేది, మరునాడు దిగేది కాదు. ఎయిర్‌బ్యాగ్ దీపం సీటు ముందుకు జరిపితే ఆరి, వెనక్కి జరిపితే వెలిగేది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) దీపం వాన వస్తే వెలిగేది. ఒకసారి అర్ధరాత్రి సెంట్రల్ లాకింగ్ తనంతట తానే టకటకమని తెరుచుకుని మూసుకుంటుంటే, దొంగలు పడ్డారనుకుని ఎదురింటివారు కర్ర పట్టుకుని వచ్చారు. ఒక్కొక్క దానికీ ఒక్కొక్క ఎలక్ట్రీషియన్ ఒక్కొక్క కారణం చెప్పాడు: సెన్సారు, స్విచ్చు, ఫ్యూజు, బ్యాటరీ. కోతలయ్యాక పొలాల్లోంచి ఇళ్ళ వైపు వచ్చే ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయన్నాడు ఒకాయన, అది కూడా నమ్మదగిన మాటే. నేను రెండు సెన్సార్లు, ఒక స్విచ్చు, ఒక బ్యాటరీ కొన్నాను. సుమారు పద్నాలుగు వేలు. దీపాలు కొన్నాళ్ళు ఆరేవి, మళ్ళీ వెలిగేవి.

అసలు సంగతి బయటపెట్టింది ఏసీ. 2023 మేలో చల్లదనం తగ్గితే గ్యాస్ నింపించాను, 2024 మేలో మళ్ళీ నింపించాను. జులై చివరికి అదీ పోయింది. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. ఏటేటా నింపవలసి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. పాత సెడాన్లలో ఎక్కువగా కారేది డాష్‌బోర్డు లోపల ఉండే కూలింగ్ కాయిల్. పల్చటి అల్యూమినియం, మీద ఎప్పుడూ తడి, ఆ తడి మీద దుమ్ము చేరితే లోహం సన్నసన్నగా తినేయబడుతుంది. కాయిల్ ధర కన్నా దాన్ని అందుకోవడానికి డాష్‌బోర్డు విప్పే కూలి బాధ ఎక్కువ. ఆగస్టులో ఒక శనివారం అమలాపురంలో ఏసీ పని చేసే ఒక కుర్రవాడి దగ్గర కారు పెట్టాను.

మధ్యాహ్నానికి డాష్‌బోర్డు ఊడి నేల మీద ఉంది. గేరు పక్కనున్న పెట్టె తీసి, ముందు సీట్లు విప్పి, కార్పెట్ అంచు పట్టుకుని పైకి ఎత్తిన ఆ కుర్రవాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మాష్టారూ, ఇలా రండొకసారి" అన్నాడు. కార్పెట్ కింద బొంతలాంటి మందపాటి పొర ఒకటి ఉంటుంది. దాని కింద ఇనప రేకు మీద, గాడుల్లో, ఎండి నెర్రెలిచ్చిన ఎర్రటి ఒండ్రు ఉంది. పొలంలో చూస్తే ముచ్చటపడే రకం, వేళ్ళతో నలిపితే పౌడరులా మెత్తగా ఉంది. అందులో గోరంత నత్తగుల్ల ఒకటి. కుర్రవాడు దానిని తీసి నా అరచేతిలో పెట్టాడు. తరువాత డ్రైవరు పక్క సీటు బెల్టు పట్టుకుని, మనం ఎప్పుడూ లాగనంత దూరం, చుట్ట మొత్తం అయిపోయేదాకా బయటికి లాగాడు. పైన మూరెడు మేర నల్లటి బెల్టు. ఆ తరువాత అడ్డంగా ఒక ఎర్ర గీత. గీత అవతల అంతా ఇటుక రంగు మరక. "ఎర్రనీరు తాగిందండి ఈ బండి" అన్నాడు. ఎర్రనీరంటే గోదారి వరద నీరు.

2022 జులై వరదలో గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల దగ్గరే ఎగురవేస్తారని తెలిసినవారికి ఆ అంకె అర్థమవుతుంది. 2006 తరువాత మావాళ్ళు అంత నీరు చూడలేదు. ఏటిగట్టుకు లోపల ఉన్న లంకల వారు ఆ వారం బళ్ళను గట్టు మీదికి తెచ్చి వరుసగా పెట్టుకున్నారు. తేలేకపోయినవారి బళ్ళు పెరళ్ళలోనే మునిగాయి. మా కారు అలాంటి ఏదో పెరట్లో సీట్ల ఎత్తు దాకా నీటిలో నిలిచి, ఏడు నెలల తరువాత రంగు వేయించుకుని డాక్టరుగారి బండిగా పాలకొల్లులో నా ముందు నిలబడింది. దళారికి ఫోను చేస్తే, "డాక్టరుగారిని కనుక్కుని చెప్తానండి" అన్నాడు. ఇప్పటికీ కనుక్కుంటూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నత్తగుల్లను మా ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ వాసన చూసి, పక్కన పెట్టి, అన్నం వడ్డించింది.

నీరు ఎందుకంత పాడు చేస్తుందో భౌతికశాస్త్రం చెప్పేవాడిగా నాకు ముందే తట్టవలసింది. ఇంజిన్ సంగతి నిజానికి సులువు. మునిగిన బండికి తాళం తిప్పకపోతే ఇంజిన్ చాలావరకు బతుకుతుంది. తిప్పితే గాలి వెళ్ళే దారిలో నీరు సిలిండరులోకి పోతుంది. గాలి నలుగుతుంది గాని నీరు నలగదు. పిస్టన్ పైకి వచ్చి ఆ నీటిని ఢీకొని కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మామూలు బీమా పాలసీల్లో ఈ నష్టానికి సాధారణంగా పరిహారం రాదు, ఇంజిన్ రక్షణకు విడిగా రైడరు (అదనపు బీమా) తీసుకుని ఉండాలి. మా బండికి ఆ గతి పట్టలేదు, ఎవరో తెలివైనవారు తాళం తిప్పకుండా బయటికి లాగించి ఉంటారు. పాడైంది కనెక్టర్లు. సీట్ల కింద, కార్పెట్ కింద, గుమ్మాల వెంట పోయే వైర్ల కట్టలకు మధ్యమధ్య ప్లాస్టిక్ జోడింపులుంటాయి. వాటి లోపల రాగి సూదులు. వాటి మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉండే సూదులే అన్నింటికంటే ఎక్కువ తినేయబడ్డాయి. గ్లాసు నీటిలో ఉప్పు వేసి, రెండు తీగలు ముంచి, బ్యాటరీకి కలిపి పాజిటివ్ తీగ ఎలా కరిగిపోతుందో పిల్లలకు ఏటా చూపిస్తాను. ఆ ప్రయోగం మా కారు కార్పెట్ కింద రెండేళ్ళుగా నడుస్తోంది. సెన్సార్లు ఎన్ని మార్చినా వాటికి కబురు తెచ్చే సూదే లేనప్పుడు దీపం వెలగక ఏం చేస్తుంది?

అప్పటి నుంచి ఇతర సెడాన్ యజమానుల గోడు వింటున్నప్పుడు నేను మనసులో మూడు కుప్పలు పోసుకుంటున్నాను. ఒకటి ఆ తరహా బండికి పుట్టుకతో వచ్చేది: లింకు రాడ్లు, కూలింగ్ కాయిల్, ఐదుగురు ఎక్కితే స్పీడ్ బ్రేకరుకు కడుపు రాసుకోవడం. సఖినేటిపల్లి రేవులో పాటుకు నీరు దిగినప్పుడు పంటు (బళ్ళను ఏరు దాటించే పడవ) ఎక్కించేటప్పుడు ముందు బంపరు గీసుకోని సెడాన్‌ను నేను ఇంతవరకు చూడలేదు. రెండోది నడిపినవారు తెచ్చిపెట్టుకున్నది. మూడోది నీరు. మొదటి రెండింటికీ బిల్లు కట్టేస్తే ఒడ్డున పడతాం. మూడోదానికి ఒడ్డు లేదు.

రెండో కుప్పలో మా ప్రాంతానికే చెందిన ఒక ముచ్చట ఉంది. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఒక బంధువు కారు ఎక్కుడు దగ్గర ఊపిరి ఆడనట్టు ఆగిపోయేది, తెల్లారి స్టార్టు కావడానికి ఏడిపించేది. కంపెనీ ఇంజిన్ మంచిది కాదని ఆయన రెండేళ్ళు తిట్టాడు. చెరువుల మీద ఏరేటర్లకు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలకు) కరెంటు పోతే జనరేటరు నడపాలి కాబట్టి డీజిల్‌ను పీపాల్లో నిల్వ చేస్తారు. అర్ధరాత్రి బంకుకు వెళ్ళే ఓపిక లేక ఆయన ఆ పీపాలోంచే కారులో పోసుకునేవాడు. సగం ఖాళీగా ఉన్న పీపాలో రాత్రి చల్లబడ్డప్పుడు తేమ నీరుగా దిగుతుంది. డీజిల్ కన్నా నీరు బరువు కాబట్టి అది అడుగున చేరుతుంది. పంపు గొట్టం కూడా అడుగునుంచే తోడుతుంది. జనరేటరు ఆ నీటిని దగ్గి మింగేస్తుంది. కామన్ రైల్ ఇంజిన్ మింగలేదు. అందులో డీజిల్‌ను 1,600 బార్ దాకా, అంటే మనం పీల్చే గాలి పీడనానికి పదహారు వందల రెట్లు నొక్కి, వెంట్రుక పట్టేంత రంధ్రాల గుండా చిమ్ముతారు. అక్కడ తుప్పు రేణువు ఒక్కటి చాలు. డీజిల్ చిమ్మే ఆ నాలుగు ఇంజెక్టర్లు బాగు చేయించడానికి ఆయన పెట్టిన డబ్బుతో రెండు ఏరేటర్లు వచ్చేవి. డీజిల్ ఫిల్టరు అడుగున నీరు వదలడానికి ఒక మర ఉంటుంది. సర్వీసుకు వెళ్ళినప్పుడల్లా దాన్ని తిప్పించి, గ్లాసులోకి పట్టించి చూడడం మంచిది.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంటును రేడియేటరుకు పోనివ్వని మూత) తీసి పారేయడం ఇంకొక జాడ్యం. బండి వేడెక్కుతోందంటే చాలా షెడ్లలో మొదట చేసేది అదే. అది లేకపోతే ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అసలు రోగం, రేడియేటరులో కూలెంటు బదులు బోరు నీళ్ళు పోసి పేర్చిన సున్నపు పొర, అలాగే ఉంటుంది. వానాకాలంలో హ్యాండ్ బ్రేకు లాగి వారం రోజులు వదిలేస్తే వెనుక డ్రమ్ముల్లో బ్రేకులు పట్టేసుకుంటాయి. చదును నేల మీద గేరులో వదిలి, చక్రానికి ఇటుక పెట్టడం నయం. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉన్నవారు ఉప్పుగాలికి సైలెన్సరు తుప్పుపట్టి రంధ్రం పడితే కంపెనీని తిట్టడం కూడా న్యాయం కాదు.

నన్ను అడిగిన సహోద్యోగుల్లో ఒకాయన, పాతదే అయినా బీఎస్-6 (కొత్త పొగ నిబంధనలకు తగిన) డీజిల్ తీసుకుంటానన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న ఆ డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే వడపోత ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంలో నడవాలి. వారానికొకసారైనా జాతీయ రహదారి ఎక్కి రావులపాలెం నుంచి తణుకు దాకా పోయివచ్చేవారికి దానితో ఇబ్బంది లేదు. ఇంటి నుంచి కళాశాలకు, కళాశాల నుంచి కూరల బజారుకు తిరిగే మాలాంటివారికి ఆ వడపోత పూడుకుపోయి దీపం వెలుగుతుంది. ఆయనకు నా సలహా పెట్రోలు బండి. నెలకు తక్కువ కిలోమీటర్లు తిరిగేవారు లీటరుకు వచ్చే మైలేజీ లెక్క చూసుకుని డీజిల్ కొనడం నా ఉద్దేశంలో లెక్క సరిగ్గా రాకపోవడమే. ఆ తప్పు చేసినవారిలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు ఎవరైనా తోడు రమ్మంటే నేను బానెట్ ఎత్తను. మొదట కిటికీ అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి, లోపల పది నిమిషాలు కూర్చుంటాను. అమ్మేవాడికి అది పిచ్చిగా కనపడినా ఫరవాలేదు. సుగంధం డబ్బా ఉంటే తీసి బయట పెట్టమంటాను. తరువాత బెల్టులన్నీ చివరిదాకా లాగుతాను. ముందు బెల్టులను మార్చినవారు కూడా వెనుక మధ్య బెల్టును మరచిపోతారు. డిక్కీలో స్టెప్నీ ఎత్తి ఆ గొయ్యి చూస్తాను, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు చూస్తాను. బండి పదేళ్ళది, కార్పెట్ మాత్రం పెళ్ళికూతురి చీరలా కొత్తది అయితే అక్కడితో లేచి వచ్చేస్తాను. బండి మీద బీమా పరిహారం ఎప్పుడైనా తీసుకున్నారా, తీసుకుంటే దేనికి అన్నది బీమా కంపెనీ పత్రాల్లో చూపించమని అడుగుతాను. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న ప్రశ్న చివర అడుగుతాను. 2022 జులైలో ఎక్కడ ఉన్నదని మొదట అడుగుతాను.

మా కారును అమ్మేద్దామని నిరుడు దసరాకు ఒక ప్రయత్నం చేశాను. చూడడానికి వచ్చిన దంపతులకు మా ఆవిడే బెల్టు లాగి గీత చూపించింది. వాళ్ళు కాఫీ తాగి, మర్యాదగా సెలవు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తరువాత అమలాపురం కుర్రవాడితో కార్పెట్ కింది కనెక్టర్లు ఒక్కొక్కటిగా కోయించి, రాగి తీగలకు తిరిగి టంకం వేయించి, పైన వేడికి బిగుసుకునే గొట్టాలు తొడిగించాను. ఆ పనికి మూడు రోజులు, 11,000 రూపాయలు అయ్యాయి. ఏబీఎస్ దీపం ఆ రోజు నుంచి మళ్ళీ వెలగలేదు. ఎయిర్‌బ్యాగ్ దీపం కూడా ఆరిపోయింది. వెనుక కుడి అద్దం మాత్రం ఇంకా వారానికి రెండు రోజులు దిగడం లేదు. తలుపు లోపలి జోడింపు ఒకటి మిగిలిపోయిందట, వచ్చే శనివారం రమ్మన్నాడు.